చైల్డ్‌మైండర్‌తో ఇవన్నీ ఎలా మాట్లాడాలి? ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు చెప్పండి

చంటిదాని_అమ్మ | రీడింగ్
మంగళవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలా రోజులుగా చదువుతున్నాను కానీ రాయడం ఇదే మొదలు.

మా పాపకి 13 నెలలు. ఏప్రిల్‌లో నేను మళ్లీ ఆఫీసులో చేరాను. అప్పటి నుంచి వారానికి నాలుగు రోజులు ఒక చైల్డ్‌మైండర్ (తన ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే ఆవిడ) ఇంట్లో వదులుతున్నాం. ఇంగ్లీషావిడ, యాభై దాటాయి, ఎన్నో ఏళ్లుగా ఇదే పని. పిల్లల్ని చూసేవాళ్లని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ వాళ్ల రిపోర్టులో వంక పెట్టడానికేం లేదు. పొద్దున తలుపు తీయగానే పాప ఆవిడ మీదకి చేతులు చాపుతుంది. మనిషి మంచిదే, అందుకే అడగడానికి నోరు రావట్లేదు.

నిన్న ఎండ బాగా కాసింది. పని తొందరగా అయిపోయి మూడింటికే వెళ్లాను. పాప వెనక తోటలో బగ్గీలో (పిల్లల తోపుడు బండి) నిద్రపోతోంది. బగ్గీ గూడు నుంచి కాళ్ల దాకా మస్లిన్ గుడ్డ కప్పి, రెండు పక్కలా క్లిప్పులు పెట్టి ఉంది. గుడ్డ ఎత్తితే లోపలి వేడి చేతికి తగిలింది. పాప మెడ వెనక జుట్టు తడిసి అంటుకుపోయి ఉంది, బుగ్గలు కందిపోయాయి. ఆవిడ "భలే పడుకుంది, గంట పైనే అయింది" అని నవ్వింది. నేనూ నవ్వి, థాంక్యూ చెప్పి, పాపని ఎత్తుకుని వచ్చేశాను. రాత్రంతా నిద్ర పట్టలేదు.

మిగతావి ఇంత పెద్దవి కావు, కానీ పోగుపడుతున్నాయి. పొద్దున్నే లేచి పప్పన్నం నెయ్యి వేసి మెత్తగా కలిపి డబ్బా పెడతాను. ముప్పావు వంతు అలాగే తిరిగొస్తుంది. బిస్కట్లు మాత్రం తింటుందట. టీవీ ఎప్పుడు వెళ్లినా నడుస్తూనే ఉంటుంది. రెండు వారాలుగా డైపర్ దగ్గర ఒరుపు తగ్గట్లేదు. పోయిన శుక్రవారం స్నానం చేయిస్తుంటే మొలతాడు కనపడలేదు. వెతికితే సంచి పక్క జేబులో చిన్న కవర్లో పెట్టి ఉంది. ఒక్క మాట చెప్పలేదు.

మా ఆయనేమో "ఇప్పుడు ఏదన్నా అంటే వేరే వాళ్లని చూసుకోమంటుంది, ఈ చుట్టుపక్కల ఎక్కడా ఖాళీ లేదు, కాస్త ఓపిక పట్టు" అంటారు. తెనాలి నుంచి మా అత్తగారు వీడియో కాల్‌లో "ఆ ఉద్యోగం మానెయ్యరాదూ" అంటారు. మధ్యలో నాకు టెన్షన్. ఏది అడగాలి, ఏది వదిలెయ్యాలి, ఎలా మొదలుపెట్టాలి?

---

గుంటూరు_కారం | హౌన్‌స్లో
మంగళవారం, రాత్రి 11:05

అడగడమేంటండీ, రేపటి నుంచి పంపకండి. ఎండలో బిడ్డని గుడ్డ కింద మూసిపెట్టిన మనిషికి ఇంకో అవకాశం ఎందుకు? మొలతాడు మీద చెయ్యి వెయ్యడానికి ఆవిడెవరు? ఆఫ్‌స్టెడ్‌కి కంప్లయింట్ రాసి పారెయ్యండి. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ. అందుకే లోకువ కడతారు.

---

లీడ్స్_నాన్న | లీడ్స్
మంగళవారం, రాత్రి 11:31

కారం గారూ, రేపు పొద్దున పాపని పెట్టుకుని ఆవిడ ఆఫీసు మీటింగులో కూర్చోవాలా? పంపకండి అనడం తేలిక.

చంటిదాని అమ్మ గారూ, ముందు ఆ మస్లిన్ సంగతి విడిగా తీసుకోండి. అది ఒకరి పద్ధతి, ఇంకొకరి పద్ధతి అనే వ్యవహారం కాదు. బగ్గీ మీద గుడ్డ కప్పితే లోపల గాలి ఆడదు, గుడ్డ ఎంత పల్చనిదైనా ఎండ రోజున వేడి చాలా త్వరగా పెరుగుతుంది. పసిపిల్లల నిద్ర మీద పనిచేసే లల్లబై ట్రస్ట్ ఈ మాట ఎప్పటి నుంచో చెబుతోంది. నిద్రపోయే గది 16 నుంచి 20 డిగ్రీలు ఉండాలని వాళ్ల సలహా. జూలై ఎండలో మూసిన బగ్గీ అందులో సగం చల్లగా కూడా ఉండదు. దీనికి మంచి టైం కోసం చూడక్కర్లేదు, పొద్దున గుమ్మంలోనే చెప్పేయండి.

టీవీ, డబ్బా, ఇవన్నీ తర్వాత. అన్నీ ఒకేసారి చెబితే ఆవిడకి గుర్తుండేది చివరిదే.

---

ఆరుగురి_ఆంటీ | కవెంట్రీ
బుధవారం, ఉదయం 6:10

పిల్లలు వచ్చేలోపు రాస్తున్నాను. నేను ఇక్కడ రిజిస్టర్డ్ చైల్డ్‌మైండర్‌ని, సొంతూరు నెల్లూరు. పేరు చూసి ఆరుగురూ నా పిల్లలే అనుకునేరు! ఇంగ్లండ్‌లో మేము ఒకేసారి ఎనిమిదేళ్ల లోపు వాళ్లని ఆరుగురికి మించి చూడకూడదు. అందులో ఐదేళ్ల లోపు వాళ్లు ముగ్గురు, ఏడాది నిండని వాళ్లు మామూలుగా ఒక్కరే. సొంత పిల్లలుంటే వాళ్లూ ఆ లెక్కలోకే వస్తారు.

మస్లిన్ గురించి లీడ్స్ ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. ఒకటి కలుపుతాను. చిన్నపిల్లల్ని చూసేవాళ్లకి ప్రభుత్వం పెట్టిన ఈవైఎఫ్ఎస్ నిబంధనల్లో నిద్రపోయే పిల్లల్ని తరచుగా చూస్తూ ఉండాలని ఉంది. గుడ్డ క్లిప్పులతో మూసేస్తే పాప మొహం ఎలా కనిపిస్తుంది? ఇదే మాట ఆవిడతో అనండి. వాదన ఉండదు. పాతకాలం నుంచి చేస్తున్నవాళ్లు చాలామంది ఈగలు, ఎండ పడకూడదని ప్రేమతోనే కప్పుతారు. అయినా సరే, ఆపాల్సిందే.

ఇక మీ డబ్బా. ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది. ఆవిడ అన్నం వేడి చేసి పెడుతోందా, చల్లగానే పెడుతోందా? అడగండి. ఇంటి నుంచి వచ్చిన అన్నం మళ్లీ వేడి చేయడానికి మాలో చాలామంది ఒప్పుకోరు. వండిన అన్నం గది వేడిలో ఉండిపోతే అందులో ఒక రకం బాక్టీరియా విషం తయారవుతుంది, వేడి చేసినా అది పోదు. అందుకే వండిన గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి, ఒక రోజు లోపల వాడాలి, ఒక్కసారే వేడి చేయాలి అని ఇక్కడి ఆహార సంస్థ సలహా. మీరు పొద్దున ఆరింటికి వండిన అన్నం ఎప్పుడు చల్లారింది, ఎక్కడ ఉంది అన్నది ఆవిడకి తెలియదు కదా. నెయ్యి గడ్డకట్టిన చల్లటి పప్పన్నం మీరైతే తింటారా?

ఇంకోటి. మనం చంకనెత్తుకుని, కాకిని చూపించి, వీధి చివర దాకా తిప్పి పెట్టే ముద్ద ఇక్కడ దొరకదు. కూర్చోబెట్టి తినిపించాలి, తింటున్నంతసేపూ పిల్లలు మా కళ్ల ముందు, మా చెవులకి వినపడేంత దగ్గర్లో ఉండాలి, గదిలో పిల్లల ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఉండాలి. 2025 సెప్టెంబర్ నుంచి ఇది రాతలోకి వచ్చింది. ముగ్గురు కుర్చీల్లో ఉంటే ఒకరి వెనక స్పూను పట్టుకుని తిరగలేను. పిల్లలే చేత్తో తీసుకుని తింటారు. మెత్తటి పప్పన్నం 13 నెలల పాప చేతికి దొరకదు. ఇడ్లీ వేళ్లలా పొడుగ్గా కోసి పంపండి, దోశ ముక్కలు పంపండి. అన్నమే కావాలంటే వేడివేడిగా ఫ్లాస్కులో పెట్టి, పన్నెండింటికి తెరిచి పెట్టమనండి.

మొలతాడు ఎందుకు తీసిందో అడగండి. మెడలో దండలు, చేతికి తాళ్లు నిద్రప్పుడు నేనూ తీసేస్తాను. నడుముకున్నది మెడకి చుట్టుకునేది కాదు గానీ, డైపర్ మార్చేటప్పుడు మురికి అంటి ఒరుసుకుంటుంది. అయితే తీసేముందు తల్లిని అడగాలి. అక్కడ తప్పు ఆవిడదే.

సాయంత్రం ఐదున్నరకి మాత్రం ఏమీ ఎత్తకండమ్మా. ఆ టైంలో గుమ్మంలో ముగ్గురు తల్లిదండ్రులు, ఒకడికి బూటు దొరకదు, ఒకతి ఏడుస్తుంటుంది, పొయ్యి మీద నా కూర మాడుతుంటుంది. అప్పుడు ఎవరైనా "ఇవాళ ఏమీ తినలేదా?" అంటే నాకు నింద వేసినట్టే వినపడుతుంది. ఏడు దాటాక ఫోన్‌లో పది నిమిషాలు అడగండి, ఎవరైనా ఇస్తారు.

వచ్చేశారు, తలుపు కొడుతున్నారు. మిగతాది మధ్యాహ్నం.

---

చంటిదాని_అమ్మ | రీడింగ్
బుధవారం, మధ్యాహ్నం 12:48

ఆంటీ గారూ, అన్నం వేడి చేయడం సంగతి అస్సలు తట్టలేదు. చాలా థాంక్స్.

ఈ పొద్దున పాపని దింపేటప్పుడు పక్కన ఇంకో తల్లి ఉంది, నోరు పెగల్లేదు. ఇవాళ మబ్బుగా ఉంది, "తోటలో పడుకోబెట్టకండి, ఇంట్లో కాట్‌లో వెయ్యండి" అని మాత్రం చెప్పాను, సరేనంది. మిగతాది మెసేజ్ పెడదామని రాసుకున్నాను. పంపేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నాను, చూసి చెప్పండి:

"హాయ్, మీరు పాపని చాలా బాగా చూసుకుంటున్నారు, మేము ఎంతో అదృష్టవంతులం. తప్పుగా అనుకోకండి, బహుశా నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో, మొదటి బిడ్డ కదా! ఎండగా ఉన్న రోజుల్లో కుదిరితే బగ్గీ మీద గుడ్డ కాస్త పైకి ఎత్తి ఉంచగలరేమో. అలాగే టీవీ కొంచెం తగ్గించగలిగితే బాగుంటుంది, డైపర్ కూడా వీలైతే తరచుగా మార్చగలరా? ఏమీ అనుకోకండి. మీకు ఎప్పటికీ రుణపడి ఉంటాం."

---

లీడ్స్_నాన్న | లీడ్స్
బుధవారం, మధ్యాహ్నం 1:02

ఇది చదివితే ఆవిడ "అయ్యో, ఏం పర్లేదు డియర్" అని ఒక పువ్వు బొమ్మ పెడుతుంది. రేపు ఎండొస్తే మళ్లీ మస్లిన్ కప్పుతుంది. "కుదిరితే", "వీలైతే", "కాస్త" అన్నీ కలిపి అసలు సంగతిని మింగేశాయి.

---

ఆరుగురి_ఆంటీ | కవెంట్రీ
బుధవారం, మధ్యాహ్నం 1:40

పిల్లలు పడుకున్నారు. (బగ్గీల్లో కాదు!)

అమ్మాయ్, ఆ రుణపడి ఉండడం తీసెయ్. నువ్వు నెలనెలా డబ్బు కడుతున్నావు. నేనైతే ఇలా వస్తే సంతోషిస్తాను:

"హాయ్, సోమవారం నేను వచ్చేసరికి బగ్గీ మీద మస్లిన్ కప్పి ఉంది. లోపల బాగా వేడిగా ఉంది, పాప చెమటకి తడిసిపోయింది. ఇకమీదట నిద్రలో బగ్గీ మీద ఏ గుడ్డా కప్పకండి. నీడకి క్లిప్ గొడుగు రేపు తెస్తాను. చదివాక ఒక మాట చెప్పండి. తిండి గురించి, ఇంకా ఒకటి రెండు విషయాలు మాట్లాడాలి, గురువారం ఏడు తర్వాత పది నిమిషాలు వీలవుతుందా?"

ఏం చూశావో చెప్పావు, ఏం కావాలో చెప్పావు, గొడుగు నువ్వే ఇస్తున్నావు. ఇందులో కోపం తెచ్చుకోవడానికి ఏం లేదు. వాట్సాప్‌లో పెడితే తేదీతో సహా ఉంటుంది కూడా. గొడవ కోసం కాదు, రేపు ఏదైనా అయితే "నాకెవరూ చెప్పలేదు" అనే మాట రాకుండా.

ఒరుపు గురించి. డైపర్ ఇన్ని గంటలకి మార్చాలని నియమం ఏమీ లేదు, శుభ్రంగా మార్చడానికి తగిన ఏర్పాటు ఉండాలని మాత్రమే ఉంటుంది. కాబట్టి "తరచుగా" అనకు. ఏ టైంకి మార్చింది, తడిదా, దొడ్డికి వెళ్లిందా అని చిన్న డైరీలో రాయమను. చాలామంది ఎలాగూ రాస్తారు, అడిగితే చూపిస్తారు. క్రీము నువ్వే పంపు, రాసి సంతకం పెట్టి ఇవ్వు. మందుకైతే రాతపూర్వక అనుమతి లేకుండా మేము చుక్క కూడా వెయ్యకూడదు, వేసిన ప్రతిసారీ రాసి అదే రోజు తల్లిదండ్రులకి చెప్పాలి. క్రీముకి కూడా నేను సంతకం తీసుకుంటాను. చిన్న దెబ్బ తగిలినా, ఫస్ట్ ఎయిడ్ చేసినా అంతే, ఆ రోజే చెప్పాలి.

పనిలో పనిగా మావైపు బాధ కూడా వినండి. పొద్దున కాల్‌పాల్ (జ్వరం మందు) తాగించి, జ్వరం దిగిన గంటలో తెచ్చి వదిలి, "రాత్రి కొంచెం వేడిగా ఉండింది" అని వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. వాంతులో విరేచనాలో అయితే చివరిసారి అయ్యాక 48 గంటలు పంపకూడదు. ఈ మాట చెప్పినందుకు నాతో మాట్లాడటం మానేసినవాళ్లు ఉన్నారు, వాళ్లూ మనవాళ్లే. ఒకాయన వాము నీళ్ల సీసా ఇచ్చి రెండు గంటలకోసారి పట్టమన్నాడు. జూన్‌లో మూడు స్వెటర్లు వేసి పంపిన అమ్మమ్మ సంగతి సరేసరి.

---

అమ్మమ్మ_ఆన్‌లైన్ | రాజమండ్రి, ప్రస్తుతం స్విండన్
బుధవారం, మధ్యాహ్నం 3:15

ఆ స్వెటర్ల అమ్మమ్మని నేను కాదు. నేను ఒక్కటే వేస్తాను.

అమ్మా రీడింగ్ అమ్మాయీ, నేను టీచరుగా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు గేటు దగ్గర తల్లుల మాటలు విన్నాను. వచ్చి సూటిగా ఒక్క విషయం చెప్పిన తల్లి బిడ్డని ఎవరూ లోకువగా చూడలేదు. నాతో నవ్వుతూ మాట్లాడి, పక్క సెక్షన్ టీచరుతో నా గురించి చెప్పుకున్న తల్లులంటేనే ఒళ్లు మండేది. మీ ఆయన భయం నాకు అర్థమైంది. కానీ గుడ్డ కప్పొద్దు అన్నందుకు పిల్లని వద్దనే మనిషి అయితే, ఆ సంగతి ఎంత తొందరగా తెలిస్తే అంత మంచిది.

మీ అత్తగారి మాట పట్టించుకోకు. ఆవిడకి దూరం, దిగులు. రోజూ ఒక ఫోటో పంపు.

---

కొండాపూర్_వాసి | హైదరాబాద్
బుధవారం, సాయంత్రం 4:50

మీరంతా నిబంధనలు, 48 గంటలు అంటుంటే కుళ్లుగా ఉంది! మా దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఒక ఆంటీ ఐదుగురు పిల్లల్ని చూస్తారు. రిజిస్ట్రేషన్ లేదు, అడిగేవాళ్లూ లేరు. 2017లో చట్టం మార్చి 50 మంది, అంతకి మించి ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలన్నారు. మా కంపెనీలో అది ఊరికి ఆ చివర ఆఫీసులో ఉంది. పిల్లాడితో ఆ ట్రాఫిక్‌లో ఎవరు వెళ్తారు?

మా సమస్య ఫోన్. ముద్ద పెట్టాలంటే ఆంటీ యూట్యూబ్ పెట్టాల్సిందే. మావాడికి రెండేళ్లు, ఇప్పుడు ఇంట్లో కూడా ఫోన్ లేకపోతే నోరు తెరవడు. "ఆంటీ, ఫోన్ వద్దండీ" అన్నాను. "మీ వాడు తినకపోతే నన్ను అడగొద్దు మరి" అన్నారు. అక్కడితో ఆగిపోయాను. ఆవిడ మా అత్తగారికి సత్సంగంలో స్నేహితురాలు. ఇక్కడ ఎవరికి చెప్పుకుంటాం?

---

ఆరుగురి_ఆంటీ | కవెంట్రీ
బుధవారం, రాత్రి 8:20

కొండాపూర్ చెల్లీ, ఆవిడ ఆ మాట అన్నది "తినలేదేంటి" అని నువ్వు అడుగుతావన్న భయంతో. రోజూ డబ్బా చూసి మొహం మాడ్చుకునే తల్లి ఉంటే ఫోన్ పెట్టక ఏం చేస్తారు? "ఆంటీ, ఒక వారం ఫోన్ లేకుండా చూడండి, ఎంత తింటే అంతే, నేను ఒక్క మాట అనను" అని చెప్పు. చెప్పాక నిజంగానే అనకూడదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆకలేస్తే వాడే తింటాడు. ఏడాది పిల్లలకి స్క్రీన్ వద్దే వద్దని, రెండేళ్లు దాటాక రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. అది ఆంటీకి వినిపిస్తే లెక్చర్ అనుకుంటారు గానీ, ఇంట్లో మీ ఆయనకి, అత్తగారికి చెప్పడానికి పనికొస్తుంది. ఇంట్లో ఫోన్ పెడుతూ ఆంటీని వద్దంటే నడవదు.

---

గుంటూరు_కారం | హౌన్‌స్లో
బుధవారం, రాత్రి 9:00

అందరూ ఆవిడ వైపే మాట్లాడుతున్నారు. నేను అడిగేది ఒకటే. చెప్పాక కూడా మళ్లీ చేస్తే? అప్పుడూ గొడుగు కొనిస్తారా?

---

లీడ్స్_నాన్న | లీడ్స్
బుధవారం, రాత్రి 9:22

మంచి ప్రశ్న. మళ్లీ కప్పితే రాతలో ఫిర్యాదు. నిబంధనలకి సంబంధించిన రాతపూర్వక ఫిర్యాదు ఏదైనా ఆవిడ విచారించి, 28 రోజుల్లో ఫలితం చెప్పాలి. ఫిర్యాదుల రికార్డు ఉంచాలి, ఆఫ్‌స్టెడ్ అడిగితే చూపించాలి. ఆఫ్‌స్టెడ్‌ని ఎలా సంప్రదించాలో కూడా తల్లిదండ్రులకి చెప్పాలి. పిల్లలకి ప్రమాదం ఉందనిపిస్తే ఆ 28 రోజులు ఆగక్కర్లేదు, నేరుగా ఆఫ్‌స్టెడ్‌కి చెప్పొచ్చు. చెయ్యి చేసుకోవడం, పిల్లల్ని ఒంటరిగా వదలడం లాంటివైతే ఆలోచించే పనే లేదు, ఆ క్షణమే.

కానీ ఫీజు గొడవలు, సెలవు డబ్బులు, డబ్బా తినలేదు, ఇలాంటివి ఆఫ్‌స్టెడ్ తీర్చదు. వాళ్లు చూసేది నిబంధనలు పాటిస్తున్నారా లేదా అన్నదే.

---

ఎడిన్‌బరో_చలి | ఎడిన్‌బరో
బుధవారం, రాత్రి 9:40

స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లకి చిన్న మాట. ఇక్కడ ఆఫ్‌స్టెడ్ కాదు, కేర్ ఇన్‌స్పెక్టరేట్. పైన చెప్పిన ఆ ఈవైఎఫ్ఎస్ కూడా ఇంగ్లండ్‌దే. మస్లిన్ మాత్రం ఎక్కడైనా ఒకటే, మాకు ఎండ లేదు కాబట్టి బతికిపోయాం.

---

చంటిదాని_అమ్మ | రీడింగ్
శుక్రవారం, రాత్రి 10:15

ఏమైందో అప్‌డేట్ పెడుతున్నాను.

బుధవారం రాత్రే ఆంటీ గారి మెసేజ్ పంపాను, ఒక్క అక్షరం మార్చలేదు. పంపాక ఫోన్ తిరగేసి పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను, మా ఆయన "వచ్చింది, వచ్చింది" అని కేకేశారు. "చెప్పినందుకు థాంక్స్. ఎండ పడుతోందని కప్పాను, ఇక కప్పను. గొడుగు నా దగ్గరా ఒకటి ఉంది" అని. అంతే! ఇంతదానికా నేను రెండు రాత్రులు దొర్లింది అని నవ్వొచ్చింది.

గురువారం ఫోన్‌లో పది నిమిషాలనుకున్నది అరగంట అయింది. ఆంటీ గారి అనుమానమే నిజం. అన్నం చల్లగానే పెడుతోంది. బయటి నుంచి వచ్చిన అన్నం వేడి చేయనని ఏప్రిల్‌లో ఇచ్చిన కాగితాల్లో ఉందట, చూస్తే నిజంగానే ఉంది, పదకొండో పేజీలో. ఫ్లాస్కుకి ఒప్పుకుంది. ఇవాళ ఇడ్లీ వేళ్లు, పక్కన కాస్త పప్పు పెట్టి పంపాను, డబ్బా ఖాళీ. బిస్కట్లు రోజుకి ఒకసారికి తగ్గిస్తానంది, పండు పెడుతుందట. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చేసే పెడుతుందని తనే చెప్పింది, నేను అడగకముందే.

మొలతాడు: అది తెగి డైపర్‌లో పడిందట, కడిగి కవర్లో పెట్టింది, ఆ రోజు వేరే అమ్మాయి వాళ్ల నాన్న ఆలస్యంగా వచ్చిన గొడవలో చెప్పడం మర్చిపోయింది. అది ఎందుకు కడతారో అడిగింది. నేను దిష్టి గురించి ఇంగ్లీషులో చెప్పడానికి తంటాలు పడ్డాను. కొత్తది ఇంట్లోనే కడతాను.

డైపర్ల డైరీ ఇవాళ్టి నుంచి. చూస్తే పొద్దున పదింటికి ఒకటి, మళ్లీ రెండున్నరకి. నిద్రపోతోందని మధ్యలో మార్చలేదట. నిద్రకి ముందు మార్చమన్నాను.

టీవీ దగ్గర మాత్రం మాట తెగలేదు. మధ్యాహ్నం ఆపేస్తానంది. మూడున్నర తర్వాత స్కూలు పిల్లలు ఇద్దరొస్తారు, వాళ్లు పెట్టుకుంటారు, ఆపడం కుదరదంది. "నా ఇల్లు కూడా కదా" అంది, మెత్తగానే, కానీ అంది.

---

గుంటూరు_కారం | హౌన్‌స్లో
శుక్రవారం, రాత్రి 10:33

చూశారా, "నా ఇల్లు"! అక్కడే బయటపడింది.

---

ఆరుగురి_ఆంటీ | కవెంట్రీ
శుక్రవారం, రాత్రి 10:58

నిజంగానే ఆవిడ ఇల్లు. అదే నర్సరీకి, మాకూ తేడా. నర్సరీలో మామూలుగా టీవీ ఉండదు, కానీ అక్కడ మనుషులు మారిపోతుంటారు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. చైల్డ్‌మైండర్ ఇంట్లో ఒకే మనిషి, ఆ మనిషి సోఫా, పిల్లి, టీవీ అన్నీ కలిపే వస్తాయి. టీవీని నిషేధించే నియమం లేదు. ఆ సమయంలో పాపని వంటింట్లోనో తోటలోనో బొమ్మలతో కూర్చోబెట్టగలదా అని అడుగు, ఒప్పుకోవచ్చు. ఒప్పుకోకపోతే అది నీకు ఎంత పెద్ద విషయమో నువ్వే తేల్చుకోవాలి. నా ఇంట్లో నాలుగింటి తర్వాత స్కూలు పిల్లలకి అరగంట పెడతాను. దాచుకోను.

పాప వాడే మాటలు, బువ్వ, నీళ్లు, జోజో, చాలు, ఇవి ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇచ్చావా? ఫ్రిజ్ మీద అంటించమను. ఇంటి భాషకి చోటివ్వాలని మా నిబంధనల్లోనే ఉంది, అడిగితే కాదనదు.

---

కొండాపూర్_వాసి | హైదరాబాద్
శనివారం, ఉదయం 9:05

మా ఆంటీతో నిన్న మాట్లాడాను. "వారం చూద్దాం, ఏడిస్తే నీకే ఫోన్ చేస్తా" అన్నారు. మొదటి రోజు రెండు ముద్దలు తిన్నాడట. సాయంత్రం ఇంటికొచ్చి నాలుగు చపాతీలు లాగించాడు. మా అత్తగారికి చెప్పలేదు.

---

అమ్మమ్మ_ఆన్‌లైన్ | రాజమండ్రి, ప్రస్తుతం స్విండన్
శనివారం, ఉదయం 9:30

చెప్పకు. వారం అయ్యాక ఆంటీయే చెప్తుంది, అప్పుడు ఆవిడ గొప్పే అవుతుంది, నీ పని అవుతుంది.

---

చంటిదాని_అమ్మ | రీడింగ్
శనివారం, ఉదయం 11:20

మాటల లిస్టు సోమవారం ఇస్తాను ఆంటీ గారూ. టీవీ సంగతి వంటింటి ఉపాయంతో మళ్లీ అడిగి చూస్తాను.

వేరే ప్రశ్న. ఆగస్టులో ఆవిడ రెండు వారాలు సెలవు. ఆ రెండు వారాలకి డబ్బు కట్టాలా? మాది స్కిల్డ్ వర్కర్ వీసా, ఉద్యోగాలు చేసే తల్లిదండ్రులకి ప్రభుత్వం ఇచ్చే ఆ వారానికి 30 గంటల ఉచిత చైల్డ్‌కేర్ మాకు రాదన్నారు, నిజమేనా?

---

లీడ్స్_నాన్న | లీడ్స్
శనివారం, ఉదయం 11:47

వీసా మీద పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ సాయాలు) లేవని ఉంటే, ఇద్దరిదీ అదే అయితే, 30 గంటలు రావు, ఫీజులో కొంత ప్రభుత్వం కలిపే టాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ కూడా రాదు. పాపకి మూడేళ్లు నిండాక వచ్చే 15 గంటలు మాత్రం వీసాతో పనిలేకుండా అందరికీ వస్తాయి. నిండిన వెంటనే కాదు, ఆ తర్వాతి టర్మ్ నుంచి.

సెలవు డబ్బులు పూర్తిగా కాంట్రాక్టు మీదే ఆధారపడతాయి. ఆవిడ సెలవుకి ఏమీ తీసుకోనివాళ్లున్నారు, సగం తీసుకునేవాళ్లున్నారు. ఆ కాగితాలు ఎలాగూ తీశారు కదా, పదకొండో పేజీ దాటి ఇంకా ముందుకి చదవండి.

---

చంటిదాని_అమ్మ | రీడింగ్
శనివారం, మధ్యాహ్నం 12:10

పధ్నాలుగో పేజీ. సగం.